ఎవరూ పిలవని గుడారం

...ఒక్కరైనా పిలిచి ఉండాల్సింది. ఒక్క గొంతు చాలు. ‘రూబెన్, రా’ అనడానికి ఎంత ఊపిరి కావాలి? నిన్నటి నుంచి నెరిడా క్విల్టీ మనసు ఆ నీలం గుడారం చుట్టూనే తిరుగుతోంది. లోపలికి వెళ్లదు, వదిలి రాదు. వరండా కమ్మీ మీద చేతులు ఆన్చింది. ఇనుము అప్పుడే కాలుతోంది. మైదానం అవతల నీలగిరి చెట్లలో ఒక్క ఆకు కదలడం లేదు. రోడ్డు మలుపులో, ఆ రోజు కార్చిచ్చు ముప్పు ఎంతో చూపే బోర్డు మీద ముల్లు ఎరుపులోకి జరిగింది. వేసవిలో వారిన్ క్రీక్ ఊరి జనం ముందు ఆ ముల్లును చూస్తారు, తరువాతే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నిన్న మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా సైరన్ మోగింది. నిజం మంట కాదు, డ్రిల్లు. కార్చిచ్చు వస్తే పిల్లలు ఎలా బయటపడాలో నేర్పడానికి. ఆ సమయంలో నెరిడా కొందరు పిల్లల్ని లైబ్రరీలో చదివిస్తోంది. ఆమె మూడో తరగతి గదిలో మిగిలినవాళ్లను పక్కగది టీచర్ చూస్తోంది. తోపులాట లేదు, గోల లేదు. పిల్లలు వరసగా మైదానంలోకి నడిచారు. ‘ఎవరైనా మిగిలారా?’ అని పక్కగది టీచర్ గుమ్మంలోంచి అడిగితే, ఆ వారం వరసకు ముందు నడిచే బ్రోనీ ‘ఎవరూ లేరు మిస్’ అంది. మైదానంలో పేర్లు పిలుస్తున్నప్పుడు రూబెన్ టక్వెల్ పేరుకు ఎవరూ పలకలేదు. నెరిడా వెనక్కి పరిగెత్తింది. గది మూల, తలుపుకు పోయే దారిలో పుస్తకాల అర పక్కన, చప్పుడు భరించలేనప్పుడు దూరడానికని తను వేయించిన నీలం గుడారంలో ఎనిమిదేళ్ల రూబెన్ ఉన్నాడు. చెవులు మూసే హెడ్‌ఫోన్లు బిగించుకుని, మోకాళ్ల మధ్య తల దాచుకుని. బయటికి వెళ్లిన ప్రతి ఒక్కరూ ఆ గుడారాన్ని రాసుకుంటూనే వెళ్లి ఉండాలి. వేరే దారి లేదు.

పాఠం ఎక్కలేదు, అనుకుంది. సెలవులయ్యాక బడి తెరిచిన కొత్తలో ఆమె పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి మెదళ్ల గురించి చెప్పింది. అందరి మెదడూ ఒకేలా పనిచేయదనీ, ఆటిజం ఉన్న పిల్లవాడికి చప్పుడూ వెలుతురూ మనకంటే గట్టిగా తగలవచ్చనీ, అది జబ్బు కాదు, ఒక తీరు అనీ. గొర్రెల ఊరి పిల్లలు కాబట్టి కుక్కల పోలిక తెచ్చింది. గొర్రెల్ని కాసే కెల్పీ కుక్కల్లో ఒకటి మొరిగి తోలుతుంది. ఇంకొకటి నోరు మెదపకుండా చూపుతోనే తోలుతుంది. రెంటిలో ఏది చెడ్డ కుక్క? ‘ఏదీ కాదు మిస్!’ అని అరిచారు. ఎంత చక్కగా విన్నారు. ఆ మొహాలే నిన్న మైదానంలోనూ కనిపించాయి. భయం లేదు, అల్లరి లేదు. ఏదో పని సరిగ్గా చేసినప్పటి తృప్తి ఉంది. ఆ తృప్తి ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు. రాత్రంతా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్లల్లో క్రౌర్యం ఉంటుందని చదువుకుంది, చూసింది కూడా. కానీ క్రౌర్యానికి ఇంత ప్రశాంతమైన మొహం ఉంటుందా?

"నెరిడా, వాళ్లొచ్చారు" అని హెడ్మాస్టర్ గ్రేమ్ ప్యాస్కో తలుపు తీసి పిలిచాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ వేడి గాలినే అటునుంచి ఇటు తోస్తోంది. రూబెన్ తల్లి షీనా ఆపిల్స్ ప్యాకింగ్ షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతి తొడుగులు ఒడిలో పెట్టుకుంది. ఎదురుగా వెస్ లాక్. గొర్రెల రైతు, ఊళ్లో స్వచ్ఛందంగా నడిచే అగ్నిమాపక దళానికి కెప్టెన్. బ్రోనీ అతని కూతురు. నిన్నటి డ్రిల్లును మైదానం గట్టు మీద నిలబడి చూసింది అతనే.

"చూడు షీనా, రూబెన్‌ని ఎవరూ పంపేయడం లేదు" అని మొదలుపెట్టాడు గ్రేమ్.

"పంపేయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు గ్రేమ్. ఇది మూడో బడి. ముందు ‘మధ్యాహ్నం వరకే తీసుకురండి’ అంటారు. తర్వాత ‘ఎండలు తగ్గనివ్వండి’ అంటారు. ఆ తర్వాత అసలు ఫోనే చేయరు. వాక్యాలు కూడా అవే. మీరంతా ఒకే చోట నేర్చుకుంటారా?"

గ్రేమ్ మొహం ఎర్రబడింది. "ముల్లు ఎరుపులో ఉన్న రోజుల్లో ఇంట్లో ఉంటే చాలంటున్నాను. వేసవి అయిపోయేదాకా."

"వేసవిలో అది ఎరుపులో లేని రోజేది?"

వెస్ గొంతు సవరించుకున్నాడు. "నా మాట కటువుగా ఉంటుందమ్మా, ఏమనుకోకు. నిన్నటిది డ్రిల్లు. అదే నిజమైతే పొగలో ఆ గదిలోకి వెళ్లాల్సింది నా వాళ్లు. వాళ్లకీ ఇళ్లలో పిల్లలున్నారు. ఒక పిల్లాడు సైరన్ విని బయటికి రావడానికి బదులు లోపలికి దాక్కుంటే నేనేం చేయాలి, చెప్పు?"

"మంట రాకముందే మావాడు మీకు బరువైపోయాడన్నమాట."

"నేనలా అన్లేదు."

"అనకుండా ఎలా అనాలో మీకు బాగా వచ్చు."

వెస్ ఆమెను వదిలి నెరిడా వైపు తిరిగాడు. "నువ్వు పిల్లలకి మా కుక్కల పాఠం చెప్పావంటగా. మా బ్రోనీ భోజనం చేస్తున్నంతసేపూ అదే. బాగానే ఉంది. కానీ మొరగని కుక్కైనా ఈల వేస్తే వస్తుంది నెరిడా. ఈలకి రాని కుక్కని నేను మందలోకి తోలను."

"మావాడు కుక్క కాదు" అంది షీనా.

"ఆ పోలిక తెచ్చింది నేను, నన్ననండి" అంది నెరిడా. తన గొంతు తాను అనుకున్నదానికంటే నిలకడగా ఉండటం గమనించింది. "సరే వెస్, కుక్కల మాటే మాట్లాడదాం. నీ రెండు కుక్కల్నీ ఒకే ఈలతో పిలుస్తావా?"

"అదెలా కుదురుతుంది? ఒకదాన్ని పిలిస్తే రెండూ కదుల్తాయి. ఫ్లికర్ ఈల వేరు, మాస్ ఈల..." అతను ఆగిపోయాడు. గడ్డం గోక్కున్నాడు. "అబ్బో, టీచరమ్మవి అనిపించుకున్నావు."

"రూబెన్‌కి తగిన ఈల మనం కనిపెట్టలేదు. అందరికీ వేసిందే వేసి, రాలేదంటున్నాం."

"సైరన్ మార్చడం నా చేతుల్లో లేదు నెరిడా" అన్నాడు గ్రేమ్. "అది ఊరంతటికీ ఒకటే."

అప్పుడు తలుపు తెరుచుకుంది. బ్రోనీ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో సగం కొరికిన వెజిమైట్ పూసిన శాండ్విచ్‌తో. బయట బల్ల మీద కూర్చుని అంతా విన్నట్టుంది. రెండు జడల్లో ఒకటి ఊడిపోయింది.

"నిన్ను బయట కూర్చోమన్నానా లేదా?" అన్నాడు వెస్.

"నాన్నా, ఇందాక కారులో నేను మర్చిపోయి ఉంటానన్నావు. నేను మర్చిపోలేదు."

"సరేలే తల్లీ, తర్వాత చూద్దాం..."

"మర్చిపోలేదు! రూబెన్ గుడారంలో ఉన్నాడని నాకు తెలుసు. అందరికీ తెలుసు." ఆమె నెరిడా వైపు చూసింది. తోడు నిలబడమని అడిగినట్టుగా. "మీరే కదా మిస్ చెప్పారు. గుడారంలో ఉన్నప్పుడు వాడిని పిలవకూడదు, ముట్టుకోకూడదు, పక్కవాళ్లకి చూపించకూడదు, అసలక్కడ ఎవరూ లేనట్టే ఉండాలి అని. అందుకే ఎవరూ లేరన్నాను. ఆల్ఫీ గాడు ‘రూబ్’ అని పిలవబోయాడు. నేనే వాడి నోరు మూశాను."

ఫ్యాను ఒక చుట్టు తిరిగింది.

"నేల దబ్‌దబ్‌మని కూడా అంది మిస్. రెండుసార్లు. మళ్లీ రెండుసార్లు. ఎప్పుడూ తడతాడు కదా, అలాగే. అయినా ఒక్కరు కూడా తల తిప్పలేదు. ఒక్కరు కూడా!"

నెరిడాకు ముందు అర్థమైనది మాటలు కాదు. ఆ పిల్ల మొహంలో వెలుగుతున్న తృప్తి. రాత్రంతా వెతికినది అదే. పాఠం ఎక్కలేదనుకుంది. ఎక్కింది. ఏ పాఠమూ ఇంత పూర్తిగా ఎక్కలేదు. తను ఆలోచించి, మృదువైన మాటల్లో పెట్టి, దయ అని పేరు పెట్టి నేర్పిన దాన్ని వాళ్లు ఒక్క అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నారు. ఎవరూ లేనట్టే ఉండాలి. ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చింది? జాలి నుంచి అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు ఆ వాక్యాన్ని తిప్పి చూస్తే వెనక తన అలసటే కనిపించింది. గది నిశ్శబ్దంగా ఉండాలన్న కోరిక కనిపించింది. రూబెన్‌కు ఒక చోటు ఇచ్చాననుకుంది. ఆ చోటులో పెట్టి తను కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఆ దబ్‌దబ్ సంగతీ అంతే. గదిది చెక్క నేల, దిమ్మెల మీద నిలబెట్టిన గది. ఎవరు మడమ ఆనించినా ఆ మూల నుంచి ఈ మూలకు అదురుతుంది. బడికి అప్పుడప్పుడూ వచ్చే సైకాలజిస్టును అడిగితే, ‘మన దృష్టి కోసం చేస్తాడు, పట్టించుకోకండి, అదే తగ్గుతుంది’ అన్నాడు. పట్టించుకోని పిల్లలకు ఆమె నక్షత్రం బొమ్మలు అంటించింది. నిజంగానే తగ్గింది. తగ్గినందుకు సంతోషించింది కూడా.

"ఏ పాఠం?" అంది షీనా. చాలా నెమ్మదిగా. "ఎప్పుడు చెప్పారు?"

"రూబెన్ పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజు."

"అంటే వాడు లేనప్పుడు."

"వాడి ఎదుట చెబితే ఇబ్బంది పడతాడని..."

"ఎవరు?"

"నేను" అంది నెరిడా. చెప్పడానికి ఉన్న జవాబు ఒకటే.

షీనా తొడుగుల్లో వేళ్లు దూర్చి మళ్లీ బయటికి తీసింది. "మొన్నొక రోజు స్నానం చేయిస్తుంటే అడిగాడు. ‘అమ్మా, గుడారంలోకి వెళ్తే నేను కనపడనా?’ అని. ఆట అనుకున్నాను. ‘అవును నాన్నా, మాయమైపోతావు’ అన్నాను. నవ్వుతూ అన్నాను." ఆమె నెరిడా వైపు తిరిగింది. "ఆ దబ్‌దబ్ ఏమిటో తెలుసా మీకు? మాదీ దిమ్మెల మీద చెక్క ఇల్లే. వాడికి గొంతు పెగలనప్పుడు మడమతో నేల తడతాడు, రెండుసార్లు. ‘ఉన్నావా’ అని. నేను వంటింట్లోంచి రెండుసార్లు తడతాను. ‘ఉన్నాను’ అని. మాటలు సరిగా రాకముందు నుంచీ అదే మా మాట. మీకు చెప్పాలని నాకు తోచలేదు. ప్రతి ఇంట్లోనూ అలాంటిదేదో ఒకటి ఉంటుందనుకున్నాను."

అంటే నిన్న సైరన్ మోగుతున్నంతసేపూ వాడు దాక్కోలేదు. పిలిచాడు. మళ్లీ మళ్లీ పిలిచాడు.

వెస్ తన టోపీని మోకాలి మీద పెట్టుకుని దాని అంచు చుట్టూ వేలు తిప్పుతున్నాడు. కూతురి వైపు చూడలేకపోతున్నాడు. బ్రోనీయే అడిగింది, ఇప్పుడు చాలా చిన్న గొంతుతో: "నేను తప్పు చేశానా మిస్?"

"లేదు బ్రోనీ. నేను చెప్పింది చేశావు. నేను చెప్పిందే తప్పు."

బ్రోనీ కళ్లు పెద్దవయ్యాయి. టీచర్లకు ఆ వీలు ఉంటుందని ఆ పిల్లకు ఇంతవరకు తెలిసినట్టు లేదు.

గ్రేమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. చెడ్డవాడు కాదు. ఏదైనా జరిగితే పైవాళ్లు తన సంతకం కోసమే వెతుకుతారని ఎప్పుడూ భుజాలు వంచుకుని ఉండే మనిషి. "రేపు ఎడారి మీంచి ఉత్తరపు వేడిగాలి. జిల్లాలో బడులన్నీ మూసేయమని ఇప్పుడే కబురొచ్చింది. సోమవారం తెరిచేసరికి నేను పైవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి." ఇటు తిరిగాడు. "ఈ మధ్యాహ్నం మళ్లీ సైరన్ మోగిస్తాను. ఎప్పుడో చెప్పను. రూబెన్ మిగతా పిల్లలతో నడిచి బయటికొస్తే ఇక ఆ మాటే ఎత్తను. రాకపోతే, సోమవారం నుంచి ఇంట్లోనే, వేసవి అయ్యేదాకా. నన్ను క్షమించు షీనా."

"ఎత్తుకుని తీసుకురావడం లెక్కలోకి రాదు" అన్నాడు వెస్, ఎవరినీ చూడకుండా. "వాళ్ల టీచర్ ప్రతిసారీ పక్కనే ఉండదు."

"రాదు. నడిచే రావాలి" అంది నెరిడా. అని, వెస్ కళ్లలోకి చూసింది. "నేనూ అదే అంటున్నాను. వాడు పిల్లలతో రావాలి. నాతో కాదు."

వెళ్తూ వెళ్తూ షీనా గుమ్మంలో ఆగింది. "మీ మీద కోపం పోలేదు నాకు."

"పోకూడదు."

"కానీ నాకు చెప్పారు. ముందు రెండు బడుల్లో ఎప్పుడూ ఎవరూ ‘నేను చెప్పిందే తప్పు’ అనలేదు." ఆమె తొడుగులు వేసుకుంది. "షెడ్డుకి వెళ్లను. కారులో కూర్చుంటాను, గేటు బయట."

భోజనం గంటలో నెరిడా ఖాళీ గదిలోకి వెళ్లి గుడారం పక్కన నేల మీద కూర్చుంది. నీలం గుడ్డ లోపల ఒక ఆకారం చిన్నగా కదిలింది. జున్ను ముక్క వాసన. ఎన్ని వారాలుగా ఈ గుడ్డను చూస్తోంది, ఒక్కసారీ దాని పక్కన కూర్చోలేదు. ఇక్కడి నుంచి గది ఎంత వేరుగా ఉంది. కుర్చీల కాళ్లు, సంచుల పట్టీలు, తలుపు కింద నుంచి ఒక తెల్లటి వెలుతురు గీత. మనుషులు పాదాలై వస్తారు, పాదాలై పోతారు. వచ్చే పాదాల్లో ఒక్క జతా ఇటు తిరగకపోతే ఏమనిపిస్తుంది?

"రూబెన్, నేను నెరిడాని. హెడ్‌ఫోన్లు తీయక్కర్లేదు. గట్టిగానే మాట్లాడతాను." గుడ్డకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. "నువ్వు రెండుసార్లు ఎందుకు తడతావో మీ అమ్మ చెప్పింది. నాకు తెలియదు. తెలుసుకోలేదు కూడా. అది పిల్లలకి చెప్పనా? నీ మాట కాబట్టి నిన్ను అడుగుతున్నాను. వద్దంటే చెప్పను."

లోపలి నుంచి గొంతు వచ్చింది. ఎత్తుపల్లాలు లేని గొంతు, అద్దె కట్టడానికి వచ్చిన పెద్దమనిషి గొంతులా.

"చెప్పండి. చెప్పినా వాళ్లు తట్టరు."

"ఎందుకు తట్టరు?"

"నేను చాలాసార్లు తట్టాను. నిన్న కూడా తట్టాను. అందుకే మానేశాను." జున్ను కొరికాడు. "మీరు కూడా తట్టలేదు."

ఆమె మడమ నేల మీదే ఉంది. అప్పుడే తట్టేయవచ్చు. ఎంత తేలిక. కానీ ఆ తేలికనే ఆమె నమ్మలేకపోయింది. ఎవరూ చూడని గదిలో, భోజనం గంటలో, తన మనసు బరువు దించుకోవడానికి తట్టే తట్టు ఎవరి కోసం? వాడు అడిగింది ఓదార్పు కాదు. వాడు ఒక విషయం చెప్పాడు, ఉన్నది ఉన్నట్టుగా. దానికి సమాధానం ఇక్కడ లేదు. అందరి ముందూ ఉంది. ఆమె లేచింది.

గంట అయ్యాక పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టింది. గుడారానికి వీపు పెట్టి కాదు, గుడారం కూడా వరసలో ఒకటి అన్నట్టుగా, దాన్ని కలుపుకుని గుండ్రంగా. పిల్లలు గందరగోళపడ్డారు. కళ్లు గుడారం దాకా వెళ్లి, కాలినట్టు వెనక్కి వచ్చాయి.

"చూడొచ్చు. రూబెన్ అందులో ఉన్నాడు. మనం మాట్లాడేది వాడికి వినిపిస్తుంది" అంది నెరిడా.

"వాడు వింటుంటే వాడి గురించి మాట్లాడొచ్చా మిస్?" అన్నాడు ఆల్ఫీ. ముందు పళ్లు రెండూ ఊడిన పిల్లవాడు.

"పోయినసారి వాడు లేకుండా మాట్లాడాను. అదే నా తప్పు. గుడారంలో ఎవరూ లేనట్టు ఉండమన్నాను. అది ఇంకా పెద్ద తప్పు. ఆ పాఠం వెనక్కి తీసుకుంటున్నాను."

"పాఠం వెనక్కి తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చు."

"అయితే పోయిన వారం ఎక్కాలు కూడా తీసేసుకోండి మిస్."

నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఆగింది. "సైరన్ మోగినప్పుడు మీ లోపల ఏం జరుగుతుంది? అబద్ధం చెప్పకండి. ధైర్యంగా ఉన్నట్టు కూడా చెప్పకండి."

కిటికీ పక్క పిల్ల ఒకతె చెయ్యెత్తింది. "నాకు కడుపులో బట్టల మెషిన్ తిరుగుతుంది మిస్."

"నాకు నవ్వొస్తుంది. మా నానమ్మని పాతిపెట్టినప్పుడు కూడా వచ్చింది. మా అమ్మ గిల్లింది."

"నాకు సైరన్ ఇష్టం. లెక్కలు ఆగిపోతాయి."

"నాకు కాళ్లు ఉండవు" అన్నాడు ఆల్ఫీ. "అంటే ఉంటాయి. కానీ ఎక్కడున్నాయో తెలీదు. ముందున్నవాడి చొక్కా పట్టుకుని నడుస్తా."

"అందుకేనా నా చొక్కా సాగిపోయింది!" అన్నాడు ముందుండేవాడు.

బ్రోనీ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. చివరికి నేలకేసి చూస్తూ అంది: "నాకు భయమేస్తుంది. మా నాన్న నిజం మంట దగ్గరికి వెళ్లినప్పుడు మోగేది కూడా అదే కదా. అందుకే వరసకి ముందు నడుస్తాను. నా మొహం ఎవరికీ కనపడకుండా."

నెరిడా వాళ్లను ఒక్కొక్కరినీ చూసింది. సైరన్ ఒకటే. అది దిగే లోపలి గదులు మాత్రం ఎన్ని రకాలు. తను ఒక్క రూబెన్‌నే వేరుగా చూపించింది పోయినసారి. ‘మనం’ ఒక పక్క, ‘వాడు’ ఒక పక్క. గీత అక్కడే తప్పు పడింది.

"చూశారా, ఇక్కడ ఎవరి మెదడూ పక్కవాళ్లలాగా లేదు. రూబెన్‌ది కూడా అంతే. వాడికి ఆ చప్పుడు దెబ్బలా తగులుతుంది. గొంతు మూసుకుపోతుంది. మాట రాదు. కానీ ఆల్ఫీకి ఎవరో ఒకరి చొక్కా కావాలి, అవునా? వాడిని చొక్కా వదిలెయ్యమని మనం అనలేదు. రూబెన్‌కి కావాల్సింది ఏమిటో నేను అడగనే లేదు." ఆమె గుడారం వైపు తిరిగింది. "చెప్పొచ్చన్నాడు, కాబట్టి చెబుతున్నాను. రెండుసార్లు నేల తడితే ‘ఉన్నారా’ అని. వాడు అల్లరి చేయలేదు. మనల్ని పిలిచాడు."

ఒక పిల్ల పెదవి కొరుక్కుంది. ఆల్ఫీ అరచేతిని నేల మీద ఆనించి, అక్కడేదో ఇంకా అదురుతుందేమోనన్నట్టు చూసుకున్నాడు.

"నిన్న కూడానా మిస్?" అంది బ్రోనీ.

"నిన్న కూడా."

"మేం వినబడనట్టు..." ఆ పిల్ల మాట పూర్తి చేయలేదు. గుడారం వైపు మోకాళ్ల మీద జరిగింది, ఆగింది, నెరిడా వైపు చూసింది. చెయ్యొచ్చా అని. తను నేర్పిన హద్దు ఇంకా ఆ పిల్ల కళ్లలో ఉంది. మాటలతో వెనక్కి తీసుకున్నది ఒళ్లు అంత త్వరగా వెనక్కి ఇవ్వదు. ముందు ఎవరో దాటాలి. ఆ గీత గీసినవాళ్లే ముందు దాటాలి.

గుడారం కదల్లేదు. జిప్పు పైదాకా మూసి ఉంది. నిన్నటి నుంచి లోపలి నుంచి ఒక్క తట్టూ రాలేదు.

అప్పుడు సైరన్ మోగింది.

ఎక్కడో దూరంగా మొదలై, లేచి లేచి, రేకు కప్పును వణికించింది. కిటికీ పక్క పిల్ల కడుపు పట్టుకుంది. ఎవరో కిచకిచ నవ్వి నోరు మూసుకున్నారు. అందరూ నిలబడ్డారు. కానీ వరస కట్టలేదు. ఒక్కరూ తలుపు వైపు నడవలేదు. కిటికీ అద్దంలోంచి మైదానం గట్టు మీద టోపీ పెట్టుకుని నిలబడ్డ వెస్ కనిపిస్తున్నాడు. గేటు బయట ఒక కారు తలుపు తెరుచుకుంది. నీలం గుడ్డ లోపల ఆకారం ఇంకా చిన్నదైపోయింది.

పిల్లలందరూ నెరిడాను చూస్తున్నారు.

తను తట్టినా లోపలి నుంచి జవాబు రాకపోతే? ఆ ప్రశ్న ఆమెలో పుట్టింది. దాన్ని పుట్టనిచ్చింది. జవాబు రాకపోవడం ఎలా ఉంటుందో ఒక ఎనిమిదేళ్లవాడు వారాల తరబడి చూశాడు. ఆమె కూడా చూడవచ్చు.

నెరిడా చెప్పులు విడిచింది. వట్టి మడమ ఎత్తి, అందరూ చూస్తుండగా, చెక్క నేలను రెండుసార్లు గట్టిగా తట్టింది.